ఈ-సిగరెట్లలోని సువాసన ద్రవ్యాలు: క్యాన్సర్ ముప్పు అంచనా

పొగాకును కాల్చకుండా, బ్యాటరీతో వేడెక్కే తీగచుట్ట సాయంతో ఒక ద్రవాన్ని సన్నని తుంపరగా మార్చి పీల్చుకునేందుకు వీలు కల్పించే సాధనమే ఈ-సిగరెట్టు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ ప్రధానంగా ఉండే ఆ ద్రవంలో నికోటిన్‌తో పాటు పుదీనా, వెనిల్లా, దాల్చినచెక్క, పండ్ల రుచులనిచ్చే సువాసన ద్రవ్యాలను కలుపుతారు. వీటిలో చాలావాటికి ఆహారంలో వాడేందుకు సురక్షితమన్న గుర్తింపు ఉన్నా, అది తినడానికి సంబంధించిందే గాని పీల్చడానికి వర్తించదు. మింగిన పదార్థం పేగుల నుంచి ముందుగా కాలేయానికి చేరితే, పీల్చిన పదార్థం ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది కనుక, ఒక మార్గంలో తేలిన భద్రతను రెండో మార్గానికి అంటగట్టడం శాస్త్రీయం కాదు.

పుదీనా జాతి మొక్కల నూనెల్లో సహజంగా లభించే పులెగోన్ ఇందుకు చక్కని ఉదాహరణ. కాలేయంలోని ఎంజైములు దీన్ని మెంథోఫ్యూరాన్‌గా, ఆపై కణాలలోని ప్రొటీన్లకు అతుక్కుపోయే చురుకైన పదార్థాలుగా మారుస్తాయి. అమెరికాలోని నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం జరిపిన రెండేళ్ల పరీక్షల్లో, పులెగోన్‌ను గొట్టం ద్వారా కడుపులోకి పంపినప్పుడు ఆడ ఎలుకలలో మూత్రాశయ కంతులు, చిట్టెలుకలలో కాలేయ కంతులు పెరిగాయి. ఈ ఆధారాలతో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2బి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ కారకం కావచ్చునని భావించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఇటువంటి పదార్థాల ముప్పును అంచనా వేయడానికి వాడే కొలమానాలలో ముఖ్యమైనది మార్జిన్ ఆఫ్ ఎక్స్‌పోజర్, అంటే జంతువులలో హాని మొదలయ్యే మోతాదుకు, మనిషి నిత్యం పొందే మోతాదుకు మధ్య ఉన్న నిష్పత్తి. ఉదాహరణకు జంతువులలో ఆ మోతాదు శరీర బరువులో కిలోకు 10 మిల్లీగ్రాములు అనుకుంటే, 60 కిలోల మనిషి రోజుకు 1.2 మిల్లీగ్రాములు పీల్చినప్పుడు అతనికి కిలోకు 0.02 మిల్లీగ్రాములు అందుతాయి కాబట్టి నిష్పత్తి 500 అవుతుంది. క్యాన్సర్ కారకాల విషయంలో ఇది 10,000 కంటే తక్కువగా ఉంటే నియంత్రణ చర్యలు అవసరమని భావిస్తారు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన సాయిరామ్ జబ్బా, స్వెన్-ఎరిక్ జోర్ట్ 2019లో ప్రచురించిన లెక్కల్లో పుదీనా, మెంథాల్ రుచుల ఈ-సిగరెట్ ద్రవాలలోని పులెగోన్‌కు ఈ నిష్పత్తి ఆ హద్దు కంటే బాగా కిందనే తేలింది.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. మూలమైన మోతాదు మింగించిన జంతువుల నుంచి వచ్చింది. పీల్చినప్పుడు ఆ హాని తగ్గుతుందో, ఊపిరితిత్తులకు మళ్లుతుందో దాని వల్ల తేలదు. పైగా ద్రవం సీసాలో ఉన్నట్టే తుంపరలో ఉండదు. వేడికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ విచ్ఛిన్నమై, మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన ఫార్మాల్డిహైడ్ ఏర్పడుతుంది. వెనిల్లిన్, సిన్నమాల్డిహైడ్ వంటివైతే వేడి చేయకముందే ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి అసిటాల్స్ అనే కొత్త సమ్మేళనాలుగా మారుతాయి. అందువల్ల పదార్థాలను విడివిడిగా కాక, పీల్చే తుంపరనే పరీక్షించడం సరైన పద్ధతి.

తినడానికి, పీల్చడానికి మధ్య ఉన్న తేడాను చట్టాలు కూడా ఆలస్యంగానే పట్టించుకున్నాయి. జంతువులలో క్యాన్సర్ కలిగించే పదార్థాన్ని ఆహారంలో కలపరాదన్న 1958 నాటి డిలేనీ నిబంధన ప్రకారం, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018లో కృత్రిమ పులెగోన్‌ను ఆహార సంకలనాల జాబితా నుంచి తొలగించింది. వాడుకలో ఉన్న కొద్ది మోతాదుల్లో ప్రజారోగ్యానికి ముప్పు లేదని ఆ సంస్థ చెప్పినా, నిబంధన కచ్చితమైనది కనుక తొలగింపు తప్పలేదు. అయితే ఆ ఉత్తర్వు ఈ-సిగరెట్ ద్రవాలకు వర్తించలేదు. తినకూడదన్నదాన్ని పీల్చడానికి వదిలేయడం సమర్థనీయం కాదు. భారతదేశంలో 2019 నాటి నిషేధ చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను అడ్డుకుంది. నికోటిన్, సువాసన ద్రవ్యాలు ఉన్నా లేకున్నా అది అన్నిటికీ వర్తిస్తుంది.