జలపాతాల కోసం వంగిన దారి

క్రౌన్ పాయింట్ దగ్గర కారు తలుపు తెరవాలంటే రెండు చేతులూ కావాలి. కొలంబియా నది లోయలో తూర్పు గాలి అంత బలంగా కొడుతుంది. దిగి పిట్టగోడ పట్టుకుని నిలబడితే 733 అడుగుల కింద నది, దానికి రెండు వైపులా మెట్లు మెట్లుగా నల్లటి కొండలు, ఎదురుగా వాషింగ్టన్ రాష్ట్రం. మేం నిలబడిన ఒడ్డు ఆరెగాన్‌ది.

బీవర్టన్‌లో, హిల్స్‌బరోలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు, ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే మొదటి శనివారమే తీసుకొచ్చే తోవ ఇది. మా అమ్మాయీ అదే చేసింది. "నాన్నా, ఇక్కడ ఒక్క పది నిమిషాలు ఆగుదాం" అంది. గంటన్నర ఆగాం. అందులో సగం సేపు నేను నదిని చూడలేదు, కాళ్ల కింద దారిని చూశాను. కొండకొమ్మును చుట్టుకుని ఇంచుమించు గుండ్రంగా తిరిగి, మళ్లీ వంకీలు వంకీలుగా కిందికి దిగిపోతోంది. ఊరికి చేరాలన్న తొందర ఉన్నవాడు ఇలా దారి వెయ్యడు. ఇక్కడ మనిషి ఆగాలి, చూడాలి అనుకున్నవాడే వేస్తాడు. ఆ మనిషి ఎవరా అని వెతుక్కుంటూ వెళ్తే ఒకరు కాదు, అయిదారుగురు దొరికారు.

మొదటివాడు శామ్ హిల్. రైల్వే కంపెనీల లాయరు, రైల్వే కుబేరుడు జేమ్స్ హిల్‌కి అల్లుడు. రైళ్ల మీద బతికిన ఇంట్లో ఉండి కూడా ఆయనకు రోడ్ల పిచ్చి పట్టింది. 1908లో ప్యారిస్‌లో తొలి అంతర్జాతీయ రోడ్ల మహాసభ జరిగితే వెళ్లాడు. వెంట శామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజనీరును తీసుకెళ్లాడు. సభ అయిపోయాక ఇద్దరూ యూరప్ రోడ్లు తిరిగారు. రైన్ నది లోయలో ద్రాక్షతోటల కోసం వందల ఏళ్లుగా నిలిచిన రాతి గోడలు చూశారు. స్విట్జర్లాండ్‌లో లూసర్న్ సరస్సు గట్టున కొండను తొలిచి వేసిన ఆక్సెన్‌స్ట్రాస్సె దారి చూశారు. ఆ సొరంగానికి సరస్సు వైపు మూడు కిటికీలు ఉన్నాయి. దారిన పోయేవాడికి నీళ్లు కనబడాలని కొండకు కిటికీ పెట్టారు. ఆ మూడు కిటికీలు లాంకాస్టర్ మనసులో దిగబడిపోయాయి.

హిల్ మొదట అడిగింది నదికి ఉత్తరాన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రాన్ని. వాళ్లు ఒప్పుకోలేదు. ఆయన ఊరుకోలేదు. మేరీహిల్‌లో తనకున్న భూముల్లో, సొంత డబ్బుతో సుమారు పది మైళ్ల రోడ్డు వేయించాడు. ఏ రకం రోడ్డు నిలుస్తుందో చూద్దామని ఏడు పద్ధతుల్లో వేయించి పరీక్షించాడు. 1913 ఫిబ్రవరిలో ఆరెగాన్ గవర్నర్‌ని, శాసనసభ్యుల్ని అక్కడికి పిలిచి, ఇదిగో రోడ్డంటే ఇలా ఉంటుంది అని చూపించాడు. ఆ ఏడాదే ఆరెగాన్‌లో రాష్ట్ర రహదారుల శాఖ పుట్టింది. ఆగస్టులో పోర్ట్‌లాండ్ నగరం ఉన్న మల్ట్నోమా కౌంటీ కొలంబియా రోడ్డుకు సరే అంది. పని లాంకాస్టర్ చేతికి వచ్చింది.

అప్పటికి లోయలో రైలుంది, నదిలో స్టీమర్లున్నాయి. జలపాతాలు చూసేవాళ్లు వాటిలోంచే చూసేవాళ్లు. కారు మాత్రం కొత్త వస్తువు. ఫోర్డ్ మోడల్-టీ వచ్చి అయిదేళ్లు. దానికి పెట్రోలు పంపు ఉండదు, సీటు కింద ట్యాంకులోంచి ఇంజన్‌కు దానంతటదే జారాలి. ట్యాంకులో కొంచమే ఉండి, ఎగుడు మరీ ఎక్కువైతే పెట్రోలు అందక బండి ఆగిపోయేది. అందుకే కొండెక్కేటప్పుడు కొందరు వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లు. అలాంటి కార్ల కాలంలో లాంకాస్టర్ ఒక లెక్క పెట్టుకున్నాడు. వంద అడుగుల దూరానికి అయిదడుగులు మించి ఎత్తు పెరగకూడదు. వెడల్పు 24 అడుగులు. మలుపు ఎంత తిరిగినా దాని వ్యాసార్ధం వంద అడుగులకు తగ్గకూడదు. ఈ మూడూ ఎక్కడా తప్పకుండా, నిట్టనిలువు కొండల్లో దారి తియ్యాలి.

మామూలుగా రోడ్డు సర్వే అంటే ఈ ఊరికీ ఆ ఊరికీ దగ్గరి తోవ వెతకడం. లాంకాస్టర్ తిరగేసి చేశాడు. ముందు కొండల్లో తిరిగి చూడదగ్గ చోట్లు పట్టుకున్నాడు. తర్వాత ఆ చోట్లను కలుపుతూ దారి గీశాడు. నాకు ఈ మొత్తం కథలో అసలు ఆవిష్కరణ ఇదే అనిపిస్తుంది. తారు కాదు, కాంక్రీటు కాదు, ఈ వరస మార్చడం. క్రౌన్ పాయింట్ నుంచి లాటురెల్ జలపాతానికి దిగడానికి ఆరువందల అడుగుల లోతుంది. అంత లోతు దిగుతూ అయిదు శాతం వాలు దాటకూడదు కాబట్టి, అంకె ఎనిమిదిలా దారిని దానిమీదికే చుట్టాడు. ఆ చుట్లలో కారు వెళ్తుంటే నది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వస్తుంది.

దారి అంచున పిట్టగోడలు చూడండి. లాంకాస్టర్ యూరప్‌లో చూసినది ఇక్కడ చేతికి తగులుతుంది. ఇటలీ నుంచి వచ్చిన రాతి మేస్త్రీలు కట్టిన గోడలివి. కొండరాయే చెక్కి పేర్చారు, పైన కాంక్రీటు కప్పు వేశారు, గోడ పొడుగునా చిన్న చిన్న కమాను కంతలు వదిలారు. వాన పడితే నీళ్లు ఆ కంతల్లోంచి లోయలోకి పోతాయి. కంతల అంచుల్లో ఇప్పుడు నాచు మెత్తగా పట్టింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక కంతలోంచి చూశాను. పసిపిల్ల కూర్చుంటే ఆమె కంటి ఎత్తుకు నది సరిగ్గా కనబడుతుంది. ఆ ఉద్దేశంతో వదిలారని కాదు, అయినా సంతోషం కలిగింది.

డబ్బు ఎక్కడిది? ప్రభుత్వం కొంత ఇచ్చింది. కలప వ్యాపారంలో కోట్లు గడించిన జాన్ యోన్ జీతం తీసుకోకుండా రోడ్డు పనులకు పెద్దగా నిలబడ్డాడు. మరో కలప వ్యాపారి సైమన్ బెన్సన్. 620 అడుగుల మల్ట్నోమా జలపాతం రెండు మెట్లుగా దూకుతుంది, పై దూకుడు ఒక్కటే 542 అడుగులు. ఆ రెంటి నడుమ ఒక కాలిబాట వంతెన ఉంటే ఎంత బావుంటుందో అని లాంకాస్టర్ అంటే, బెన్సన్ అక్కడికక్కడే చెక్కు రాసిచ్చాడని చెబుతారు. 1914లో కట్టిన ఆ వంతెన ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. దానిమీద నిలబడితే పైనుంచి తుంపర మొహాన పడుతుంది, కింద రెండో దూకుడు మోత పాదాల్లో తెలుస్తుంది. జలపాతం చుట్టూ ఉన్న నేల కూడా ఆయన ఇచ్చిందే.

కానీ నాకు వీళ్లందరికంటే జార్జ్ షెప్పర్డ్ దగ్గరివాడు. ఆయన పాడి రైతు. కోట్లు లేవు. దారి పక్కన ఆయనకు ఒక చిన్న లోయ, అందులో వాగు, వాగుకో జలపాతం ఉండేవి. చనిపోయిన భార్య జ్ఞాపకంగా 1915లో ఆ పదకొండు ఎకరాలు పోర్ట్‌లాండ్ నగరానికి రాసిచ్చేశాడు. షెప్పర్డ్స్ డెల్ అంటారు దాన్ని. అక్కడ పార్కింగ్ చాలా చిన్నది, చాలామంది ఆగకుండా మల్ట్నోమాకు పోతారు. మీరు వెళ్తే ఆగండి. మెట్లు దిగి వెళ్తే రాయిని ఒరుసుకుంటూ తిరిగి జారే నీళ్లు కనిపిస్తాయి. ఊళ్లో చెరువుకో బావికో పోయినవాళ్ల పేరు పెట్టుకునే జాతి మనది. ఆ రైతు మనసు మనకు వేరే చెప్పనక్కర్లేదు.

1916 జూన్ 7న ప్రారంభోత్సవం. వాషింగ్టన్ నగరంలో వైట్‌హౌస్‌లో కూర్చుని అధ్యక్షుడు విల్సన్ మీట నొక్కితే, దేశం ఇవతలి చివర క్రౌన్ పాయింట్ మీద జెండా విచ్చుకుంది. రెండేళ్లకు అదే కొమ్ము మీద విస్టా హౌస్ లేచింది. ఎడ్గర్ లజారస్ గీసిన ఎనిమిది పలకల రాతి కట్టడం, లోపల అలాస్కా పాలరాయి. ప్రయాణికులు గాలికి తలదాచుకోవడానికి, నది చూడటానికి, మరుగుదొడ్డికి వెళ్లడానికి. ఖర్చు లక్ష డాలర్ల దాకా పెరిగేసరికి లక్ష డాలర్ల మరుగుదొడ్డి అని జనం ఎద్దేవా చేశారు. దారిలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు పడే ఇబ్బంది తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. దారి పక్క ఆగడమంటే చూపు ఒక్కటే కాదు, ఈ సౌకర్యం కూడా. అది మొదట్లోనే గుర్తుపెట్టుకున్నారు.

ఇంత చేసినా, ఇన్ని జలపాతాలు ఒకేచోట ఎందుకున్నాయో దారి వేసినవాళ్లకు తెలియదు. 1923లో హార్లెన్ బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఈ ప్రాంతాన్నంతా ఒక మహాప్రళయం లాంటి వరద కోసేసిందన్నాడు. తోటి శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. తర్వాత తేలింది: మంచుయుగం చివర మంచుగడ్డ అడ్డుపడి మొంటానాలో ఒక మహా సరస్సు నిలిచింది. ఆ మంచు కట్ట తెగినప్పుడల్లా నీళ్లు ఈ లోయలోంచే వందల అడుగుల ఎత్తున పరుగెత్తాయి. ఒక్కసారి కాదు, పదుల సార్లు. ఆ వరద కొండల అంచులు నరికేస్తే, పక్కవాగులు గాల్లో వేలాడుతూ మిగిలిపోయాయి. అవే ఈ జలపాతాలు. బ్రెట్జ్‌కు భూగర్భ శాస్త్రంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన పెన్రోజ్ పతకం 1979లో, తొంభై దాటిన వయసులో వచ్చింది. వరద నరికిన ఆ కొండ లావా పొరల బసాల్టు. మన జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఆ జాతిదే, వయసులో చాలా పెద్దది.

దారి తూర్పున దాల్స్ పట్టణం దాకా 1922లో పూర్తయింది. ఆ పట్టణం దాటాక సెలైలో జలపాతం ఉండేది. నది వెడల్పునా రాళ్ల మీద విరుచుకుపడే నీళ్లలో, చెక్క మంచెలు కట్టుకుని స్థానిక తెగలవాళ్లు వేల ఏళ్లుగా సాల్మన్ చేపలు పట్టేవాళ్లు. 1957 మార్చిలో దాల్స్ ఆనకట్ట గేట్లు మూశారు. కొన్ని గంటల్లో జలపాతం మునిగిపోయింది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు వదిలినవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పుడక్కడ నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, చూడటానికి ఏమీ లేదు.

ఇక లాంకాస్టర్ మనసులో నిలిచిన కిటికీలు. 1915లో మిచెల్ పాయింట్ దగ్గర జాన్ ఎలియట్ అనే ఇంజనీరు కొండలో సొరంగం తొలిపించాడు. ఆక్సెన్‌స్ట్రాస్సెకు మూడు కిటికీలైతే దీనికి అయిదు పెట్టాడు. కానీ బండ్లు పెద్దవయ్యాయి, దారి ఇరుకైంది. 1953లో సొరంగం మూసేశారు. 1966లో కింద కొత్త రహదారి వెడల్పు చేయడం కోసం పేల్చేశారు. పాతదారి కూడా చాలా చోట్ల తెగిపోయింది. దాన్ని బాగుచేయాలని 1987లో రాష్ట్ర శాసనసభ పూనుకుంది. కార్లు పోలేని ముక్కల్ని నడిచేవాళ్లకు, సైకిళ్లకు ఇచ్చారు. 2017లో పిల్లాడు పేల్చిన టపాసు వల్ల రేగిన కార్చిచ్చు సుమారు యాభైవేల ఎకరాలు కాల్చింది. అగ్నిమాపక సిబ్బంది రాత్రంతా నీళ్లు కొట్టి మల్ట్నోమా దగ్గరి రాతి లాడ్జిని కాపాడారు.

2025లో మిచెల్ పాయింట్‌లో మళ్లీ సొరంగం తెరిచారు. మళ్లీ అయిదు కిటికీలు. మేం సాయంత్రం వెళ్లాం. లోపల చల్లగా ఉంది. మూడో కిటికీ దగ్గర ఒక ముసలాయన సైకిలు గోడకు ఆనించి, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ నదిని చూస్తున్నాడు. మమ్మల్ని చూసి కొంచెం పక్కకు జరిగాడు. అమ్మాయీ నేనూ ఆయన పక్కనే నిలబడ్డాం. కింద హైవే మీద లారీలు వరసగా పోతున్నాయి.