ఒంటి టర్బోయా, జంట టర్బోలా?

కమ్మరి కొలిమి ముందు కాసేపు నిలిచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. బొగ్గు ఎంత పోసినా, తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడదు. మోటారుకారు ఇంజనుకు కూడా ఇదే ధర్మము. పెట్రోలు ఎక్కువగా పోయడము సులభము; దానిని పూర్తిగా మండించడానికి తగినంత గాలిని సిలిండరులోనికి పంపడమే కష్టము. గాలి పెరిగితే ఇంధనము పెంచవచ్చును. ఇంధనము పెరిగితే శక్తి పెరుగుతుంది. ఆ గాలిని బలవంతముగా కూరిపెట్టే తిత్తియే టర్బో.

తన స్పోర్ట్సు కారుకు టర్బో కిట్టు అమర్చుకొనదలచిన ప్రతి ఔత్సాహికునికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. పెద్ద టర్బో ఒకటి పెట్టుకోవడమా, చిన్నవి రెండు పెట్టుకోవడమా? పైకి ఇది దుకాణములో తేల్చుకొనే బేరముగా కనబడుతుంది. కాని దీని వెనుక శతాబ్దికి మించిన చరిత్ర ఉన్నది. పేరుమోసిన కర్మాగారములలోని ఇంజనీర్లు ఒకసారి ఒకటే చాలునన్నారు. మరొకసారి రెండు కావలెనన్నారు. మళ్లీ ఒకటే మేలన్నారు. వారు అలా మాట మార్చినది చాపల్యము చేత కాదు. ఆ మార్పులకు కారణమేమో తెలిసికొంటే మన ప్రశ్న తీరే మారిపోతుంది.

ఈ కథ స్విట్జర్లాండులో ఆరంభమైనది. వింటర్‌టూర్ పట్టణములో 1879లో జన్మించిన ఆల్‌ఫ్రెడ్ బూచి అనే ఇంజనీరుకు ఒక వృథా కనబడినది. ఇంజనులో కాలిన ఇంధనపు వేడిలో ఇంచుమించు మూడవ వంతు పొగగొట్టము వెంట బయటికి పోతున్నది. ఆ వేడి వాయువు చేత ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసుకు రెండవ కొసన మరొక చక్రమును బిగించి, దాని చేత బయటి గాలిని లోనికి నెట్టించవచ్చును గదా అని ఆయన ఆలోచించినాడు. 1905లో ఈ ఆలోచనకు పేటెంటు లభించినది. ఆలోచన పుట్టినంత త్వరగా లోహము దానికి లొంగలేదు. ఇరువది సంవత్సరముల తరువాత, 1925లో, పది సిలిండర్ల డీజిలు ఇంజనుకు టర్బో కూర్చి, దాని శక్తిని 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెంచగలిగినాడు. ‘ప్రాయిసెన్’, ‘హన్సెస్టాట్ డాంజిగ్’ అనే రెండు జర్మను ప్రయాణికుల నౌకలు అటువంటి ఇంజనులతోనే నడిచినవి.

ఈలోగా అమెరికాలో మరొక అవసరము ఏర్పడినది. ఎత్తుకు పోయిన కొలదీ గాలి పలుచబడుతుంది. విమానపు ఇంజను నీరసిస్తుంది. ఫ్రాన్సులో ఒగ్యూస్త్ రతో చేసిన కృషిని అనుసరించి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక సాహసము చేసినాడు. లిబర్టీ అనే పన్నెండు సిలిండర్ల విమానపు ఇంజనును కొలరాడోలోని పైక్స్ పీక్ పర్వతము మీదికి, సుమారు 14,000 అడుగుల ఎత్తుకు చేర్చి, అక్కడ టర్బోతో నడిపి చూచినాడు. సముద్రమట్టము వద్ద ఇచ్చే శక్తికి తగ్గకుండా ఆ ఇంజను కొండకొమ్మున పనిచేసినది. పలుచని గాలిని టర్బో దట్టము చేయగలదని ఆనాడు రుజువైనది. ఈ కొండ మీది పాఠమును జ్ఞాపకముంచుకొనవలెనని మనవి; దానితో మనకు మళ్లీ పని పడుతుంది.

ఓడకు, విమానమునకు ఒక సౌకర్యమున్నది. అవి గంటల తరబడి ఒకే వేగముతో నడుస్తవి. కారు అటువంటిది కాదు. మలుపు వచ్చినప్పుడు చోదకుడు కాలు ఎత్తుతాడు; మలుపు దాటగానే మళ్లీ నొక్కుతాడు. కాలు ఎత్తిన క్షణములో పొగ తగ్గి టర్బో చక్రము మందగిస్తుంది. తిరిగి నొక్కినప్పుడు అది నిమిషానికి లక్షకు పైబడిన చుట్లు అందుకొనేవరకు శక్తి రాదు. ఈ నిరీక్షణమే టర్బో జాప్యము. ఒకటా, రెండా అనే వాదమంతయు ఈ జాప్యము నుంచే పుట్టినది.

1962లో అమెరికాలో రెండు టర్బో కార్లు బజారుకు వచ్చినవి: ఓల్డ్స్‌మొబైల్ వారి జెట్‌ఫైర్, షెవ్రొలే వారి కార్వెయిర్ మోన్జా స్పైడర్. జెట్‌ఫైర్‌లో పెట్రోలు వేళగాని వేళ భగ్గుమనకుండా నీరు, మిథనాలు కలిపిన ద్రవమును చిమ్మే ఏర్పాటు ఉండేది. పలువురు యజమానులు ఆ ద్రవమును నింపడము మరచిపోయినారు. 1963తో ఆ కారు ముగిసినది. 1973లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బోకు చమురు కరవు అడ్డు తగిలినది. నిలదొక్కుకొన్నది పోర్షె 911 టర్బో. మూడు లీటర్ల ఇంజను, ఒకే టర్బో, 260 అశ్వశక్తితో 1975లో అది అమ్మకానికి వచ్చినది. అది ఎంత ఖ్యాతి గడించినదో అంత భయమునూ కలిగించినది. చోదకుడు మలుపు మధ్యలో ఆక్సిలరేటరు నొక్కుతాడు, ఏమీ జరగదు, మరికొంత నొక్కుతాడు, అంతలో శక్తి ఒక్కుమ్మడిగా వచ్చిపడుతుంది. బెదరి కాలు ఎత్తితే, వెనుక ఇంజనున్న ఆ బండి తోక గిరుక్కున తిరుగుతుంది. జాప్యమనేది సుఖమునకు సంబంధించిన లోపము మాత్రమే కాదు. ప్రాణమునకు సంబంధించినది కూడా.

ఆ కాలముననే ఫ్రాన్సుకు చెందిన రెనో సంస్థ ఒంటికి, జంటకు మధ్య నిజమైన పరీక్ష నడిపినది. ఫార్ములా వన్ పందెములలో 1966 నుంచి ఒక నిబంధన ఉండేది: మామూలు ఇంజను అయితే మూడు లీటర్లు, గాలి కూర్చే ఇంజను అయితే ఒకటిన్నర లీటరు. సగము పరిమాణముతో పోటీకి దిగే ధైర్యము ఎవరికీ లేకపోయినది. 1977 జూలైలో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో రెనో తన పసుపుపచ్చని కారుతో బరిలోకి దిగినది. ఆరు సిలిండర్లు, ఒకే ఒక టర్బో. పందెము ముగియకముందే టర్బో చెడి, కారు నిలిచిపోయినది. తరచుగా ఆవిరి, పొగ చిమ్ముతూ ఆగిపోయే ఆ కారుకు ‘పసుపు టీపాట్’ అనే పేరు వచ్చినది.

1979 మార్చిలో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో ఆ కారే అందరికన్న వేగముగా తిరిగి మొదటి స్థానములో నిలిచి పందెమునకు బయలుదేరినది. చోదకుడు జాన్-పియెర్ జబూయ్. క్యాలామీ సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. పలుచని గాలికి ఇతరుల ఇంజనులు నీరసించినవి; టర్బో ఉన్నది అంతగా నీరసించలేదు. పైక్స్ పీక్ పాఠమే మళ్లీ పనికివచ్చినది. కాని ఎత్తు మీద దొరికిన మేలు మలుపులలో దొరకదు. అందుచేత ఆ సంవత్సరమే రెనో ఇంజనీర్లు పెద్ద టర్బోను తీసివేసి, V ఆకారపు ఇంజనులో ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్కటి చొప్పున రెండు చిన్న టర్బోలను అమర్చినారు. 1979 జూలై 1న దిజోన్ నగరము వద్ద జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో జబూయ్ గెలిచినాడు. ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అది ప్రథమ విజయము. రెండేండ్లు నవ్వినవారు మరి కొన్ని సంవత్సరములలో తామే టర్బోలు కట్టుకొన్నారు.

రెండు టర్బోలలోని మేలు ఎంత? దీనికి చిన్న లెక్క ఉన్నది. ఒక పెద్ద చక్రము పనిని రెండు చిన్న చక్రములకు పంచితే, ఒక్కొక్కదాని వ్యాసము పెద్దదానిలో నూటికి 71 వంతులుంటే సరిపోతుంది. చక్రపు బరువు వ్యాసము యొక్క ఘనమును బట్టి ఉంటుంది గనుక, రెండు చిన్న చక్రముల బరువు కలిపినా పెద్దదానిలో నూటికి 71 వంతులే అవుతుంది. అంచు వేగము సమానముగా ఉంచితే, వాటిని పరుగెత్తించడానికి కావలసిన శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అనగా ఆదా సుమారు మూడు పాళ్లు. ఇది చిన్న మేలు కాదు. అయితే కొందరు చెప్పుకొన్నట్లు జాప్యము సగానికి సగము మాయమయ్యేది కాదు. పైగా చిన్న చక్రమునకు, దాని గూటికి మధ్య ఉండే సందు, చక్రపు పరిమాణముతో పోల్చితే పెద్దదవుతుంది. ఆ సందు గుండా కొంత గాలి జారిపోతుంది. లాభములో ఒక పాలు అక్కడ ఖర్చయిపోతుంది.

లెక్క ఎలా ఉన్నా, దిజోన్ తరువాత జంట టర్బోలకు వెలుగు వచ్చినది. 1981లో మజెరాటి సంస్థ ‘బైటర్బో’ అనే కారును వెలువరించినది. బజారులో అమ్మే కార్లలో రెండు టర్బోలు కలిగిన మొదటిది అదే. 1986లో పోర్షె 959 మరొక మార్గము చూపినది. రెండు టర్బోలను ఒకేసారి పూన్చడము కాక, మొదట ఒకదానినే నడిపి, వేగము పెరిగిన తరువాత రెండవదానిని జతచేసినది. బండి కదిలేటప్పుడు ఒంటెద్దు, పరుగు అందుకొన్నాక జోడెడ్లు అన్నమాట. జపానులో 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్. ఒకే వరుసలో ఆరు సిలిండర్లున్న ఇంజనుకు రెండు టర్బోలను సమానముగా కట్టినది. చక్రములు తేలికగా ఉండడానికి వాటిని పింగాణి జాతి పదార్థముతో చేసినారు. మాజ్డా ఆర్.ఎక్స్.-7, 1993 నాటి టొయోటా సుప్రా పోర్షె చూపిన వరుస పద్ధతిని అవలంబించినవి. సుప్రాలో సుమారు 4,000 చుట్ల వద్ద రెండవ టర్బో పూర్తిగా పనిలోకి దిగేది.

ఇక్కడ కథ అడ్డము తిరిగినది. కర్మాగారము అంత నేర్పుతో కూర్చిన జంటను సుప్రా యజమానులు వందలాదిగా ఊడదీసి, దాని స్థానములో ఒక పెద్ద టర్బో కిట్టును పెట్టించుకొన్నారు. కారణము లేకపోలేదు. వరుస పద్ధతికి ఎన్నో తలుపులు, ఎన్నో రబ్బరు గొట్టములు కావలెను. వేడికి ఆ గొట్టములు పెళుసెక్కుతవి; ఒకటి పగిలినా రెండవ టర్బో వేళకు అందదు. ఆర్.ఎక్స్.-7 యజమానులకు ఈ బాధ మరీ ఎక్కువ. ఒంటి టర్బోలో గొట్టములు తక్కువ, లోపమును వెదకడము తేలిక, అంతిమ శక్తి అధికము. సుప్రా యొక్క పోతయినుపు ఇంజను దిమ్మె దృఢమైనది గనుక అసలు శక్తిని రెట్టింపు దాటించినవారూ ఉన్నారు. కాని వారు చెల్లించిన మూల్యము మరచిపోరాదు: తక్కువ వేగమున బండి నిద్రపోతుంది. తిన్నని పందెపు బాట మీద అది లెక్కలోనిది కాదు. ఘాటు రోడ్డు మీద లెక్కలోనిదే.

అంతలో ఒంటి టర్బోకే ఒక కొత్త విద్య అబ్బినది. ఆరు సిలిండర్ల వరుసలో మొదటి మూడు, చివరి మూడు వంతులవారీగా పేలుతవి. ఆ రెండు జట్ల పొగను కలవనీయక రెండు ప్రత్యేక మార్గములలో చక్రము వద్దకు తెస్తే, ఒక జట్టు పొగ మరొక జట్టు పొగకు అడ్డుపడదు. ప్రతి పేలుడు తాకిడీ చక్రమునకు సూటిగా తగులుతుంది. దీనిని ట్విన్ స్క్రోల్ అంటారు. బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2006లో తన మూడు లీటర్ల ఇంజనుకు రెండు టర్బోలు పెట్టి 306 అశ్వశక్తి తీసినది. 2009లో ట్విన్ స్క్రోల్ టర్బో ఒక్కదానితో అంతే శక్తి తీసినది. 2019లో సుప్రా పునర్జన్మ ఎత్తినప్పుడు, ఒకనాడు జంట టర్బోలకు పేరుపొందిన ఆ కారు కూడా ఒకే టర్బోతో వచ్చినది.

మరి జంట ఓడిపోయినదా? లేదు. భయపెట్టిన ఆ 911 టర్బో 1995లో రెండు టర్బోలకు మారినది. ఆ ఇంజనులో సిలిండర్లు ఎడమకు మూడు, కుడికి మూడు పరుండి ఉంటవి. రెండు ప్రక్కల పొగను ఒక చోటికి చేర్చవలెనంటే గొట్టములు దూరము సాగవలెను. దారిలో వేడి, ఊపు రెండూ నశిస్తవి. ఏ ప్రక్కది ఆ ప్రక్కనే పెట్టడము అక్కడ సహజము. వరుసగా నిలిచిన ఇంజనుకు పొగ అంతా ఒకే వైపు వస్తుంది. అక్కడ ఒకటి సహజము. రెనో నేర్చినది, బి.ఎం.డబ్ల్యు. నేర్చినది చూస్తే విరుద్ధముగా కనబడుతవి. నిజానికి అవి రెండూ ఒకే పాఠము.

కనుక కిట్టు కొనదలచినవారు ‘ఏది గొప్ప’ అని అడగరాదు. నా ఇంజను ఏ ఆకారము గలది, నేను ఎక్కువగా ఏ వేగమున నడుపుతాను, ఎంత శక్తి చాలును అని అడుగవలెను. దానితో పాటు మరొకటి: టర్బోతో పని ముగియదు. కూరిన గాలిని చల్లార్చే రేడియేటరు, ఎక్కువ పెట్రోలు పంపే పంపు, ఇరుసుకు నూనె, మిగులు పొగను వదలిపెట్టే తలుపు, వీటన్నిటినీ నడిపే కంప్యూటరు లెక్క, అన్నీ పొందికగా ఉండవలెను. ద్రవము నింపడము మరచిన జెట్‌ఫైర్ యజమానుల సంగతి ఇందుకే చెప్పినాము. ఇన్నిటికి తోడు పిస్టనులు, బ్రేకులు ఆ బలమును ఓర్చగలవో లేవో చూచుకొనవలెను. జంట కిట్టు అయితే ఈ గొట్టములు, నూనె దారులు ఇంచుమించు రెండింతలు.

చరిత్ర ఇంకా తీర్పు చెప్పలేదు. 2024లో పోర్షె తన 911 జి.టి.ఎస్. కారులో రెండు టర్బోలను తీసివేసి, చిన్న విద్యుత్ మోటారు సాయముతో తిరిగే టర్బోను ఒకదానిని పెట్టినది. పొగ కోసము ఎదురు చూడకుండానే ఆ చక్రము లేస్తుంది. 2025లో అదే సంస్థ 911 టర్బో ఎస్. కారులో అటువంటి విద్యుత్ టర్బోలను రెండు పెట్టినది. ఒకే సంస్థ, ఒకే జాతి ఇంజను, ఒక సంవత్సరము ఒకటి, మరుసటి సంవత్సరము రెండు. కారు ఏ పనికో చూచి అమర్చినారు గాని, సంఖ్యకు మొక్కలేదు. కొలిమికి తిత్తి ఎంపిక చేసే కమ్మరి కూడా అంతే గదా. ముందు తాను కాచవలసిన ఇనుమును చూస్తాడు. తరువాతనే తిత్తి సంగతి.