కీటోటాక్సీ

ఈగల దేహముపై నిలిచిన బిరుసు రోమముల అమరికను వర్ణించు శాస్త్రమునకు కీటోటాక్సీ యని పేరు. ఇందలి ‘కీటో’కును మన ‘కీటక’ శబ్దమునకును చుట్టరికము లేదు. గ్రీకు భాషలో ‘ఖైతే’ యనగా పొడవైన వెండ్రుకలు, ‘తాక్సిస్’ యనగా వరుస తీర్చుట. సేనలను బారులు తీర్చుటకు చెల్లిన ఆ రెండవ మాటను, రష్యా దౌత్యోద్యోగిగా న్యూయార్కున పనిచేసిన కీటకశాస్త్రజ్ఞుడు ఓస్టెన్ సాకెన్, 1884లో ప్రచురించిన వ్యాసమున ఈగల రోమపంక్తులకు అన్వయించి, చెదురుమదురుగా కనుపించు వాని యందు జాతిభేదమును తెలుపు నియమమున్నదని నిరూపించెను.

తల, వక్షము, కాళ్ల రోమములతోపాటు రెక్కల ఈనెలపై నుండు సన్నని రోమములును కీటోటాక్సీ పరిధిలోనివే. ఇంటి ఈగ చేరిన మస్సిడే కుటుంబమున లిమ్నోఫోరా, స్పైలోగోనా యను ప్రజాతులు పైచూపునకు ఒక్కతీరున నుండును. ఐనను సూక్ష్మదర్శిని క్రింద రెక్క మొదలు పరికించి, నాల్గవ ఐదవ రేడియల్ శాఖలు కలిసి యేర్పడిన ఈనెపై పొట్టి రోమములు కనుపించినచో లిమ్నోఫోరా యనియు, అచ్చోటు నున్నగా నున్నచో స్పైలోగోనా యనియు సాధారణముగా నిర్ణయింతురు. పెద్ద రోమము రాలిపోయినను అది మొలచిన గుంట చెక్కుచెదరక నిలుచును గావున, ఏనాడో సేకరించిన నమూనా సైతము తన జాతిని చెప్పగలదు. ఈ లక్షణములను శాస్త్రజ్ఞులు అంతగా విశ్వసించుటకు అదియొక కారణము.