రుస్వాయి, నదామత్

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. అక్కడ మా ఉస్తాద్ ఒకరోజు రెండు లఫ్జ్‌లకు తేడా చెప్పారు. నలుగురి ముందు ఇజ్జత్ పోవడం రుస్వాయి. ఎవరూ చూడకపోయినా దిల్ లోపల కాలుతూ ఉండటం నదామత్. ఇమ్తెహాన్ కోసం బట్టీ పట్టి రాసేశాను. నిజంగా అర్థమైంది మాత్రం తెలుగులో డిగ్రీ అయ్యాక, ఒక అమెరికన్ నవల చదివినప్పుడు.

నాథనియల్ హాథార్న్ 1850లో అచ్చు వేయించిన 'ది స్కార్లెట్ లెటర్' ఆ నవల. కిస్సా జరిగేది 1640లలో, బోస్టన్‌లో. హెస్టర్ ప్రిన్ అనే ఆడమనిషి. షౌహర్ దగ్గర లేడు, ఒళ్లో మాత్రం మూణ్ణెల్ల పాప ఉంది. ఆమెను జైలు నుంచి తెచ్చి బజారు మధ్యలో చెక్క తఖ్తా మీద మూడు గంటలు నిలబెట్టారు. ఛాతీ మీద ఎర్ర గుడ్డతో కుట్టిన 'ఎ' అక్షరం. జినాకు ఇంగ్లీషులో ఉన్న మాటకు అది మొదటి అక్షరం. జిందగీ అంతా దాన్ని తీయకూడదు. పాప తండ్రి ఎవరో చెప్పమంటే ఆమె నోరు విప్పదు. చెప్పమని అందరి ముందూ అడుగుతున్న యువ పాదరీ డిమ్స్‌డేలే ఆ తండ్రి.

ఇది హాథార్న్ ఖయాల్లో పుట్టిన కిస్సా. కానీ ఆ సమాజం కల్పన కాదు. ప్యూరిటన్లు ఇంగ్లండ్ చర్చి శుద్ధంగా లేదని విసిగిపోయిన క్రైస్తవులు. 1630లో జాన్ విన్‌త్రోప్ వెంట ఓడలెక్కి మాసచూసెట్స్ వచ్చారు. మా బస్తీ అంతా కలిసి ఖుదాతో అహద్ చేసుకుంది అనేది వాళ్ల యకీన్. ఒకడు గునాహ్ చేస్తే అజాబ్ అందరి మీదా పడుతుంది. అలాంటప్పుడు ఎవరి గునాహ్ అయినా వాళ్ల సొంత విషయం ఎలా అవుతుంది? పొరుగింటి తలుపు సందులోంచి చూడటం కూడా అక్కడ ఫర్జ్‌లా మారింది. 1631 నుంచి చర్చి సభ్యులైన మగవాళ్లకే ఓటు. కొన్నేళ్లకు ఆ సభ్యత్వం కావాలన్నా జమాత్ ముందు నిలబడి తన ఈమాన్ కథ చెప్పుకోవాల్సి వచ్చింది.

బట్టల మీద అక్షరాలు కుట్టించడం కూడా నిజమే. 1634లో రాబర్ట్ కోల్స్ అనే తాగుబోతు ఏడాదిపాటు మెడలో ఎర్రటి 'డి' వేసుకు తిరగాలని కోర్టు ఆర్డర్ వేసింది. జినాకైతే శిక్ష మరణమే. 1644లో మేరీ లేథమ్ అనే అమ్మాయినీ, జేమ్స్ బ్రిటన్ అనే అతన్నీ బోస్టన్‌లో ఉరి తీశారు. 1694 కానూన్‌లో ఉరి పోయి రుస్వాయి వచ్చింది. ఇద్దరూ మెడలో తాడుతో గంటసేపు ఉరికంబం దగ్గర కూర్చోవాలి, 40కి మించకుండా కొరడా దెబ్బలు తినాలి, ఆపైన రెండంగుళాల 'ఎ' అక్షరం ధరించాలి.

ఆ కానూన్ కాగితం మీద ఆడకూ మగకూ ఒక్కటే. కానీ కడుపు కనిపించేది ఆడదానికే. హాథార్న్ పట్టుకున్నది అక్కడే. హెస్టర్ ఊరి చివర ఉండి, కుట్టుపని చేసుకుని, జబ్బుపడ్డ వాళ్లకు ఖిద్మత్ చేసి బతికింది. కొన్నేళ్లకు జనం ఆ 'ఎ'ని సమర్థురాలు అన్న అర్థంలో చదవడం మొదలుపెట్టారు. డిమ్స్‌డేల్ మాత్రం ఏడేళ్లు లోపలే కుళ్లిపోయాడు. నాకంటే గునాహ్‌గార్ లేడని తఖ్రీర్లలో అంటే, ఎంత ఆజిజీ అని జనం ఇంకా నెత్తిన పెట్టుకున్నారు. తలుపేసుకుని తనను తానే కొరడాతో కొట్టుకునేవాడు. ఒకసారి అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు ఆ తఖ్తా ఎక్కి నిలబడ్డాడు. హెస్టర్ షౌహర్ వేరే పేరుతో హకీమ్‌గా వచ్చి, అతని గాయాన్ని మాన్పకుండా కెలుకుతూ పగ తీర్చుకున్నాడు. చివరికి పట్టపగలు, హెస్టర్ ఆసరాతో, పాప చెయ్యి పట్టుకుని తఖ్తా ఎక్కి, ఇక్బాల్ చేసి, అక్కడే ప్రాణం వదిలాడు. అప్పుడు కూడా అతణ్ణి ఎవరూ లాక్కురాలేదు. తనంతట తానే ఎక్కాడు.

హాథార్న్‌కు ఇంత తడప ఎందుకు? ఆయన ఖాందాన్ చూడండి. అమెరికాకు వచ్చిన మొదటి ముత్తాత విలియం, క్వేకర్లను కొరడాలతో కొట్టించిన మెజిస్ట్రేట్. ఆ విలియం కొడుకు జాన్, నాథనియల్‌కు తాతకు తాత. 1692లో సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని విచారించిన జడ్జీల్లో ఒకడు. 150 మందికి పైగా జైలుపాలయ్యారు, 19 మందిని ఉరి తీశారు. ఎనభై దాటిన జైల్స్ కోరీ విచారణకు ఒప్పుకోలేదని రాళ్ల కింద నొక్కి చంపారు. అక్కడ ఒక ఘోరం గమనించాలి. అవును, నేను మంత్రగత్తెనే అని ఝూట్ ఒప్పుకున్న వాళ్లు బతికారు. నేను బేకసూర్ అని నిలబడ్డ వాళ్లు ఉరికెక్కారు. రుస్వాయికి భయపడే చోట దొరికే ఇక్బాల్ విలువ అంతే.

నాథనియల్ 1849లో సేలం కస్టమ్స్ ఆఫీసు నౌకరీ పోగొట్టుకున్నాడు. అదే ఏడు అమ్మ చనిపోయింది. ఆ తర్వాత రాసిన ఈ నవల ముందుమాటలో, పూర్వీకుల తరఫున ఆ సిగ్గు నేను మోస్తున్నానని ఒప్పుకున్నాడు.

ఆ జడ్జీల్లో తన సిగ్గు తానే మోసినవాడూ ఒకడున్నాడు, సామ్యూల్ సీవాల్. 1697 జనవరి 14, బోస్టన్‌లో సామూహిక ఉపవాసం రోజు. అంతకు కొన్ని వారాల ముందే ఆయన చిన్న కూతురు చనిపోయింది. చర్చిలో పాదరీ చేతికి ఒక కాగితం ఇచ్చాడు. పాదరీ చదువుతున్నంతసేపూ అందరి ముందూ లేచి నిలబడ్డాడు. ఆ విచారణల్లో తప్పు నాది, సిగ్గు నాది, మాఫీ కోరుతున్నాను అన్నది అందులో సారాంశం. 1700లో అదే మనిషి గులామీకి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. పేరు 'ది సెల్లింగ్ ఆఫ్ జోసెఫ్'. అన్నలు అమ్మేసిన యూసుఫ్ కిస్సా మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు కదా. నదామత్ సీవాల్‌ను అంత దూరం నడిపించింది. చీఫ్ జడ్జీ స్టౌటన్ మాత్రం చచ్చేదాకా అఫ్సోస్ పడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పాలి. రిపోర్టర్‌గా చేరిన కొత్తలో ఒక అమ్మాయి గురించి వార్త రాశాను. పేరు రాయలేదు. గల్లీ రాశాను, వాళ్ల అబ్బా చేసే పని రాశాను. చదివే వాళ్లకు ఇంకేం కావాలి? నెల తిరక్కుండా ఆ ఇంటికి తాళం పడింది. ఆ వార్తలో అబ్బాయి గురించి ఒక్క లైను కూడా లేదని చాలా ఏళ్లకు, ఈ నవల రెండోసారి చదువుతుంటే తట్టింది.

తఖ్తా కట్టింది నేనే. సీవాల్‌కు లేచి నిలబడటానికి నాలుగేళ్లు పైన పట్టింది. నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఆ ఖాందాన్ ఎటు వెళ్లిందో ఆ గల్లీలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. ఈ జుమ్మా తర్వాత వెళ్లి అడుగుతాను.