తుపాకి మీది అంకె

ఖరగ్‌పూర్ పట్టణంలో పూరీ గేట్ అన్న పేటపేరు వినగానే దక్షిణానికి పోయే దారి తలపుకు వస్తుంది. ఆ దారి బాలాసోరు, కటకం మీదుగా పూరీకి, అంతకంటె దిగువను మన తెలుగు జిల్లాలకు పోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఆ పట్టణాన్ని పెంచినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాలనుండి వేలకొలది తెలుగువారు ఆ దారినే వచ్చి కర్మాగారంలోను, బండి షెడ్లలోను పనికి కుదిరినారు. వారిలో ఏ ఫిట్టరును అడిగినా ఒక సంగతి చెప్పగలడు: అంకెలేని ఇరుసు బండికి ఎక్కదు. ఇనుప ఇరుసు చివర ఉక్కుముద్రతో కొట్టిన ఆ అంకె కచేరీలోని పుస్తకంలో కూడ ఉంటుంది. ఇరుసు విరిగితే ముందుగా వెదకేది పుస్తకాన్నే. అది ఎక్కడ పోతపోసినది, ఎవరు పరీక్షించినది, ఎన్నాళ్ళు తిరిగినది అన్నీ అందులోనే తేలుతవి.

తుపాకికి గూడ ఇదే పద్ధతి. అయితే ఇరుసు చరిత్ర రైల్వేవారికి మాత్రమే పనికివస్తుంది. తుపాకి చరిత్రలో రాజ్యము, ప్రజ, నేరము, దేశభక్తి అన్నీ వచ్చి చేరుతవి. ఆ అంకెను, ఆ పుస్తకాన్ని పట్టుకొని కొంతదూరం నడచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

లైసెన్సు పొందిన తుపాకి తయారీదారు తన వస్తువుపై వేయవలసిన గుర్తులు కొన్ని ఉన్నవి. తన పేరు, వరుస అంకె ఇనుములోనికి దిగేటట్లు ముద్ర కొట్టవలెను. జంటగొట్టాల తుపాకిలో గొట్టాల అడుగున, వాటిని పట్టియుంచే ఇనుప దిమ్మమీద, ముందరి చెక్క బిగించే ఇనుముమీద ఒకే అంకె కనబడుతుంది. ఒకదాని గొట్టం తీసి వేరొకదానికి తగిలిస్తే అంకెలు కలవక ఆ మోసం బయటపడుతుంది. జర్మనీలోని మౌజర్ కంపెనీ తన పిస్తోలుమీద తూటా గది ప్రక్కన పూర్తి అంకెను, చిన్న భాగాలమీద ఆ అంకెలోని చివరి స్థానాలను మాత్రమే కొట్టేది. ఇక పుస్తకాల సంగతి. ఎన్ని తయారైనవి, ఏ అంకెలవి, ఏ వర్తకునికి పోయినవి, ఆ వర్తకుడు ఏ లైసెన్సుదారునికి అమ్మినాడు అన్న లెక్క ఒకరి పుస్తకంనుండి ఒకరి పుస్తకంలోనికి దిగుతూ, చివరకు కొన్నవాని లైసెన్సు కాగితంమీద "గుర్తింపు చిహ్నములు, రిజిస్టరు నంబరు" అన్న గడిలో ఆగుతుంది. మధ్యలో ఏ ఒక్క పుస్తకం తప్పినా అంకె మూగబోతుంది.

ఇక్కడ మాటలను గురించి ఒక ముక్క. మన ఆయుధాల చట్టపు హిందీ పాఠంలో తుపాకి 'అగ్న్యాయుధ' మైనది, లైసెన్సు 'అనుజ్ఞప్తి' అయినది. అగ్న్యాయుధమనగానే తెలుగువాని మనస్సు కురుక్షేత్రానికి పోతుంది గాని పోలీసు స్టేషనుకు పోదు. తురుష్కుల మాటనుండి పుట్టిన 'తుపాకి', ఇంగ్లీషునుండి వచ్చిన 'లైసెన్సు' మన పల్లెలలో ఎప్పుడో స్థిరపడిపోయినవి. ఈ అనువాదకుడు వాటినే వాడుతున్నాడు.

పుస్తకం ఎవరిది అన్న ప్రశ్న మన దేశంలో మొదటినుండి అంకెకంటె పెద్దది. 1857 తిరుగుబాటు చూచి బెదిరిన ప్రభుత్వం కొన్ని తాత్కాలిక శాసనాల తరువాత, లిట్టన్ ప్రభువు కాలంలో, 1878లో ఆయుధాల చట్టం చేసినది. తయారుచేయడానికి, అమ్మడానికి, ఉంచుకొనడానికి, పట్టుకొని తిరగడానికి లైసెన్సు కావలెనన్నారు. దాని క్రింద వచ్చిన నియమాలలో ఐరోపావారికి మినహాయింపు ఇచ్చినారు. అంటే పుస్తకం నల్లవాని పేరు వ్రాయడానికే తెరచియుండేది. తెల్లవాని తుపాకి అందులోనికి ఎక్కనక్కరలేదు. 1887లో మద్రాసులో కూడిన కాంగ్రెసు మహాసభలో ఈ చట్టంపై చర్చ వచ్చినప్పుడు యువకుడైన బిపిన్ చంద్ర పాల్ దానిని రద్దుచేయవలెనని గట్టిగా వాదించినాడు. ఆ వాదం ఏళ్ళ తరబడి తీర్మానాలలోనే ఉండిపోయినది.

తీర్మానాలు విని విసిగిన తరం వేరొక దారి పట్టినది. ఆ దారిలో, విచిత్రంగా, ఒక తుపాకుల దుకాణపు లెక్క పుస్తకమే ముఖ్య సాక్షి అయినది.

కలకత్తాలో రొడ్డా కంపెనీ అని పేరుపొందిన తుపాకి వర్తకులుండేవారు. లైసెన్సు వర్తకం, చక్కని దస్త్రాలు, ఓడలలో వచ్చిన సరకు కస్టమ్స్ కచేరీలో విడిపించి తేవడానికి నమ్మకమైన గుమాస్తా. ఆ గుమాస్తా శ్రీశచంద్ర మిత్ర. 1914 ఆగస్టు 26వ తేదీన అతడు రేవులో 202 పెట్టెల ఆయుధ సామగ్రిని విడిపించినాడు. కాగితాలన్నీ సక్రమమే, సంతకాలన్నీ నిజమైనవే. ఎద్దుబండ్లు వరుసగా బయలుదేరినవి. వాన్సిటార్ట్ రోలోని కంపెనీ గిడ్డంగికి 192 పెట్టెలు చేరినవి. మిగిలిన 10 తెస్తానని చెప్పి గుమాస్తా వెళ్ళినాడు. మరల రాలేదు. ఆ పది పెట్టెలున్న బండిని తోలినవాడు బండివాని వేషం వేసిన హరిదాస్ దత్త అనే విప్లవకారుడు. కంపెనీ మూడు దినాలు ఎదురుచూచి, 29వ తేదీన పోలీసులకు ఫిర్యాదు చేసినది.

పెట్టెలలో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు ఉండెను. ఆ పిస్తోలు సామాన్యమైనది కాదు. దానిని దాచే కొయ్య ఒరనే పిడికి తగిలిస్తే తుపాకి మడమ అవుతుంది, భుజానికి ఆనించి దూరపు గురిని కొట్టవచ్చును. తీసుకొన్నవారు పెట్టెలను దాచినారు, పంచినారు, తాము మాయమైనారు. శ్రీశచంద్ర మిత్ర ఆ తరువాత పోలీసుల చేతికి చిక్కలేదు. కాని ఒక్కటి వారితో పోలేదు. ప్రతి పిస్తోలు మీద అంకె ఉన్నది, ఆ అంకెలను రొడ్డా కంపెనీ తన పుస్తకంలో వ్రాసి ఉంచుకొన్నది.

ఆ మీదట బెంగాలులో ఎక్కడ మౌజర్ దొరికినా పోలీసులు చేసిన మొదటి పని అంకెను చదవడం. నాలుగేళ్ళ తరువాత, 1918లో, న్యాయమూర్తి రౌలట్ అధ్యక్షతను గల రాజద్రోహ విచారణ సంఘం ఈ లెక్కను తన నివేదికలో ఎక్కించినది. 44 పిస్తోళ్ళు దాదాపు వెంటనే 9 విప్లవ బృందాలకు చేరినవి. 54 హత్య, దోపిడి కేసులలోను అటువంటి ప్రయత్నాలలోను అవి వాడబడినవి. అప్పటికి 31 తిరిగి దొరికినవి. మిగిలిన 19 ఆ నాటికి అంకెలుగానే ఉండిపోయినవి.

ఈ లెక్క చదివినప్పుడు చరిత్రకారునికి కలిగే ఇబ్బందిని దాచనక్కరలేదు. జాడ తెలియరాదని ప్రాణాలు పణంగా పెట్టినవారి జాడలు మనకు తెలియడానికి కారణం వారిని వేటాడినవారి పుస్తకమే. విప్లవకారులు డైరీలు వ్రాసుకోలేదు, వ్రాసినవి కాల్చివేసినారు. పిస్తోలు మీది అంకె లేకపోతే ఢాకాలో జరిగినదానికి, కలకత్తాలో జరిగినదానికి ఉన్న సంబంధం ఊహగానే మిగిలేది. అయితే అంకె చెప్పేది ఇనుము ఎక్కడ ఉన్నదో మాత్రమే. ఆ చేయి ఎవరిది, ఎందుకు ఎత్తినాడు అన్నది అది చెప్పలేదు. ఆ 54 కేసులలో దోపిడికి గురియైన గృహస్థులు చాలమంది మనవారే అన్న చేదు నిజాన్నిగూడ ఆ పట్టిక మన ముందు ఉంచుతుంది. రౌలట్ నివేదికలో దానికి పెట్టిన పేరు రాజద్రోహం, తరువాతివారు పెట్టిన పేరు త్యాగం. పట్టిక మాత్రం ఒకటే.

ఇక ఖరగ్‌పూర్ సంగతి. 1915లో జతీంద్రనాథ్ ముఖర్జీ, లోకంలో బాఘా జతీన్, జర్మను సహాయంతో తిరుగుబాటు ఆలోచించినప్పుడు బెంగాలుకు వచ్చే మూడు ముఖ్య రైలు దారులలోని వంతెనలను కూల్చి సైన్యాల రాకను అడ్డగించవలెనని నిర్ణయించినారు. మద్రాసు దారి జతీన్ వంతు, బాలాసోరు నుండి. నాగపూర్ దారి భోలానాథ్ ఛటర్జీ వంతు, చక్రధరపూర్ నుండి. మూడవది అజయ్ నదిమీది వంతెన, ఈస్టిండియా రైల్వేది. పటం తెరచి చూస్తే మొదటి రెండు దారులు కలిసేచోటు ఖరగ్‌పూర్. మన తెలుగువారు ఇరుసులకు అంకెలు కొడుతున్న ఆ కూడలికి రెండు ప్రక్కలా ఈ యత్నం సాగినదన్నమాట. మావెరిక్ అనే ఓడలో రావలసిన జర్మను తుపాకులు ఏ వర్తకుని పుస్తకానికీ ఎక్కనివి. అవి రానేలేదు. వచ్చిఉంటే పోలీసుల చేతిలో చదవడానికి పట్టిక ఉండేది కాదు.

మిగిలినవి రొడ్డా పిస్తోళ్ళే. బాలాసోరులో యూనివర్సల్ ఎంపోరియం అనే దుకాణాన్ని పోలీసులు సోదాచేసి, కప్తిపద అడవులలోని స్థావరం ఆచూకి తీసినారు. 1915 సెప్టెంబరు 9న బుఢాబలంగ నది దరిని, చషాఖండ్ వద్ద, అయిదుగురు మౌజర్లతో పోలీసు రైఫిళ్ళను ఎదుర్కొన్నారు. ఒరలను మడమలుగా తగిలించి కాల్చినారు. చిత్తప్రియ రాయ్‌చౌధురి అక్కడే ఒరిగినాడు. గాయపడిన జతీన్ మరునాడు బాలాసోరు ఆసుపత్రిలో కన్నుమూసినాడు. మనోరంజన్ సేన్‌గుప్త, నీరేంద్ర దాస్‌గుప్తలను ఉరితీసినారు.

దీనికి ఏడేళ్ళ తరువాత మన మన్యంలో జరిగినది తెలుగు పాఠకునికి కొత్త కాదు గాని, ఈ పుస్తకాల దృష్టితో చూస్తే దానికి వేరొక అందం ఉన్నది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి మొత్తం 26 తుపాకులు, 2,500కు పైచిలుకు తూటాలు తీసుకొన్నాడు. చింతపల్లిలో దొరికినవి 11 తుపాకులు, 1,390 తూటాలు. తీసుకొన్నవాటి వివరం స్టేషను పుస్తకంలోనే వ్రాసి, క్రింద సంతకం చేసి వెళ్ళినాడు. శ్రీశచంద్ర మిత్ర సర్కారు కాగితాల మీద సరకు విడిపించి రసీదు లేకుండ మాయమైనాడు. రాజు ఏ కాగితమూ లేకుండ వచ్చి రసీదు ఇచ్చి వెళ్ళినాడు. ఒకరు ఆ పుస్తకాన్ని మోసగించినారు. మరొకరు దానిని తెరచి, ఇది ఇకమీద మాది అన్నట్లు చేవ్రాలు చేసినారు. రెండవ పని సాహసమో, అతిశయమో, పోలీసుల సేకరణ పనికి అది ఎంత తోడ్పడినదో వాదించుకోవచ్చును. నా మట్టుకు ఆ చేవ్రాలు మన ఆయుధ రిజిస్టర్ల చరిత్రలో అన్నింటికంటె నిజాయితీ గల పద్దు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ముద్రలు మారినవి. కలకత్తాకు ఉత్తరాన ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం 1907 నుండి చేసిన తుపాకులమీద కిరీటము, ఊరి పేరు ఉండేవి. కిరీటం పోయి, ఆర్.ఎఫ్.ఐ. అన్న మూడక్షరాలు వచ్చినవి. ఆ ప్రభుత్వ కర్మాగారాలకు లైసెన్సుతో పని లేదు. లైసెన్సు పని మీర్ ఖాసిం 1760 దశకంలో ఆయుధశాల నెలకొల్పిన ముంగేరు వంటి పట్టణాల తయారీదారులది. పనితనం గల ఊరు అది. కాని లైసెన్సు తుపాకులకు పని తగ్గినకొద్దీ దొంగ పిస్తోళ్ళకు గూడ దానికి పేరు పడినది. వాటిమీద అంకె ఉండదు, ఉన్నా అబద్ధం. బీహారులో పుట్టిన పిస్తోలు మీద ఇటలీ పేరో, అమెరికా పేరో కొట్టి అమ్ముతారు.

ఈ అబద్ధానికి విరుగుడుగా 1959 ఆయుధాల చట్టంలో ఎనిమిదవ సెక్షను ఉన్నది. 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆ చట్టం పాత చట్టాన్ని రద్దుచేసినది. ఎనిమిదవ సెక్షను ప్రకారం తుపాకి మీది పేరును, అంకెను చెరపరాదు, తొలగించరాదు, మార్చరాదు, దొంగముద్ర వేయరాదు. తయారీదారుని పేరు, అంకె లేక ప్రభుత్వం ఒప్పుకొన్న ఇతర గుర్తు లేని తుపాకిని అమ్మరాదు, చేతులు మార్చరాదు. గుర్తు చెరిగిన తుపాకి ఎవని వద్ద దొరికితే వాడే చెరిపినాడని, తప్పని ఋజువయ్యేవరకు, న్యాయస్థానం భావిస్తుంది. మామూలుగా నేరాన్ని ఋజువుచేయవలసినది ప్రభుత్వం. ఇక్కడ బరువు తుపాకి పట్టుకొన్నవానిమీద పడినది. సూత్రం కఠినమే. ఆకురాయి పట్టేవాని చేయి ఎవరికీ కనబడదు గనుక వేరు మార్గం తోచలేదేమో.

ఆకురాయి గెలుపు గూడ పూర్తిగా గెలుపు కాదు. ఉక్కుముద్ర కొట్టినప్పుడు అంకె క్రింది లోహం నలిగి, చుట్టుప్రక్కల లోహంకంటె భిన్నంగా గట్టిపడుతుంది. పైన అరగదీసినా లోతున ఆ నలుగుడు మిగులుతుంది. నున్నగా చేసి తగిన ఆమ్లం పూస్తే నలిగిన లోహం వేరుగా కరగి, పోయిన అంకె లీలగా మరల కనిపిస్తుంది. నేరపరిశోధన ప్రయోగశాలలలో ఇది నిత్యకృత్యం. చాల లోతుగా అరగదీస్తేనే అంకె నిజంగా చస్తుంది.

1962 నాటి నియమాల స్థానంలో 2016లో కొత్త నియమావళి వచ్చినది. ఈలోగా లైసెన్సులన్నింటికి దేశమంతటికి ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి కంప్యూటరులోనికి ఎక్కించే పని మొదలయినది. జిల్లా కచేరీలలో అట్టలూడిన పుస్తకాలకు అది వారసు. చట్టం అమలైన తొలినాళ్ళలో మాత్రం వెనుకటినుండి గుర్తు లేని తుపాకులు ఉంచుకొన్నవారి సంగతి మిగిలినది. వారి విషయంలో ఆ కఠినమైన ఊహను ఒక ఏడాది పాటు అమలు చేయబోమని శాసనం గడువు ఇచ్చినది. ఆ గడువు 1963 సెప్టెంబరు నెలాఖరుతో తీరినది.