తనిఖీ వాళ్లు పోయాక



సెమినార్లలో ఇప్పుడు "ప్రజల భాగస్వామ్యంతో మూల్యాంకనం" అనే మాట బాగా వినిపిస్తోంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా ఆసిఫాబాద్ గుర్తొస్తుంది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక గానీ, గోండులు ఎందుకు తిరగబడ్డారని నిజాం సర్కారు అడగలేదు. జవాబు వెతకమని ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు చెప్పింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల మాట విని రాశాడు. 1945లో సర్కారే ఆ నివేదికల్ని అచ్చువేసింది. భూమి పట్టాలు, గోండి బడులు ఆ పని వల్లే వచ్చాయి, కాదనను. కానీ అది ఇంగ్లీషు పుస్తకం. గోండులు చెప్పారు, ఆయన రాశాడు, అధికారులు చదివారు.

2006లో ఉపాధి హామీ వచ్చింది. తొలి విడత జిల్లాల్లోనే ఆదిలాబాద్, కరీంనగర్ ఉన్నాయి. పనుల్ని గ్రామసభే తనిఖీ చేయాలని చట్టం 17వ సెక్షన్ చెప్పింది. ఉమ్మడి రాష్ట్రం దాన్ని సీరియస్‌గా తీసుకుంది, 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకుని గడపగడపకూ తిరిగారు. చివర్లో మండలంలో ప్రజావేదిక.

అయితే గ్రామసభ అంటే ఎవరి సభ? ఊరిని నమ్మొద్దని 1948లోనే రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. పీజీ చదివేటప్పుడు ఒక ఊళ్లో నేనూ చూశాను. పంచాయతీ ఆఫీసు ముందు సభ. కుర్చీల్లో ఎవరున్నారో చెప్పక్కర్లేదు. మా వాడ ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు. "ఏమన్నా ఫిర్యాదులున్నయా?" అంటే ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆ రాత్రి తనిఖీ పిల్లలు వాడలోకే వచ్చి, దీపం కింద మస్టర్ చదివారు. ఒక పెద్దమ్మ లేచింది: "చెరువు పనిల నా పేరుందా? నేను ఆ కట్ట ఎక్కనే లేదు బిడ్డా!" తర్వాత ఒక్కొక్కరే లేచారు. అదే కాగితం, అదే మనుషులు. మారింది కూర్చున్న చోటు.

తనిఖీ నడిపేవాళ్లు అదే పంచాయతీ వాళ్లు కాకూడదని 2011 కేంద్ర నిబంధనలు అన్నాయి. మంచిదే, ఊరి పెద్దల ఒత్తిడి వాళ్ల మీద తగ్గుతుంది. కానీ సాక్ష్యం చెప్పేది ఊరి మనిషే. హైమన్‌డార్ఫ్ వెళ్లిపోయాడు, తనిఖీ పిల్లలూ వెళ్లిపోతారు. తేలిన సొమ్ములో తిరిగొచ్చేది కొంతే. ఆమె మాత్రం అక్కడే బతకాలి.

ప్రజావేదికకు బయల్దేరుతూ ఆ పెద్దమ్మ నన్ను అడిగింది: "చెప్పుడైతే చెప్త. వచ్చే ఎండకాలం నాకు పని ఎవరిస్తరు బిడ్డా?"