మా నెత్తురు, మా చరిత్ర – 7: మాత్రలో లేని విటమిన్

మా అమ్మ మిరపకోతలకీ పత్తితీతలకీ వెళ్ళేది. అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు అంటే "నెత్తురు తక్కువ" అని ఐరన్ మాత్రలు ఇచ్చి పంపారు. ఏళ్ళు గడిచాక గుంటూరులో ల్యాబ్ పరీక్ష చేయిస్తే తెలిసింది, తక్కువైంది బి12 అని.

మిత్రులారా, ఈ విద్య వెనక కూలి ఆడవాళ్ళ నెత్తురుంది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల నెత్తురు పరీక్షించింది. ఇనుము తగ్గితే ఎర్రకణాలు చిన్నవవుతాయి. వీళ్ళవి పెద్దవయ్యాయి. ఈస్ట్ సారం పెడితే కోలుకున్నారు. అందులోని మందు ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇవాళ సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంది. బి12 లేదు. బి12 తగ్గినవాళ్ళు ఫోలిక్ ఒక్కటే మింగితే నెత్తురు బాగుపడినట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి.

1948లో రెండు సంగతులు జరిగాయి. శాస్త్రవేత్తలు కార్జం నుంచి బి12ని వేరుచేశారు. అదే ఏడు అంబేడ్కర్ 'ది అన్‌టచబుల్స్' అచ్చయింది. గొడ్డుమాంసం తినడమే అంటరానితనానికి మూలమైందని బాబాసాహెబ్ అందులో వాదించాడు.

నలుగురిలో చులకనవుతామని మా ఇంట్లో పెద్దకూర మానేశారు. గుడ్లకీ పాలకీ కూలిడబ్బులు చాలేవి కావు. అమ్మ నెత్తురు రిపోర్టులో నాకు ఆ సిగ్గే కనిపించింది.

మీ పల్లెలో తిమ్మిర్లంటున్న అమ్మలుంటే హిమోగ్లోబిన్ పరీక్షతో ఆగకండి. బి12 పరీక్ష అడగండి.

జై భీమ్.